చాటు వెతుక్కున్న మనిషి

మొన్న మా ఊళ్ళో కాసిడీహ్‌లో కూరలు కొనుక్కుని ఆటో కోసం నడుస్తుంటే వాన పట్టుకుంది. ఎవరిదో ఇల్లు, ముందు సజ్జ ఉంది కదా అని దాని కింద నిలబడ్డాను. కాసేపటికి ఒకావిడ తలుపు తీసి, తడుస్తున్నారు, లోపలికొచ్చి కూర్చోండి అంది హిందీలో. పరవాలేదండీ, తగ్గిపోతుంది, ఇలా వెళ్ళిపోతాను అన్నాను నేను. అప్పటికే నా చీర కుచ్చెళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. వాన తగ్గే సూచనేమీ లేదు. ఆవిడ నన్ను ఒకసారి ఎగాదిగా చూసి తలుపు వేసేసుకుంది. మూసిన తలుపు ముందు నిలబడ్డాక మా పక్కింటి బాబాయిగారు గుర్తొచ్చారు. అచ్చం ఆయన అన్నట్టే అన్నాను.

ఆయన పోయి ఏడాది దాటింది. పేరు రాయను. నలుగురిలో తన పేరు వినపడితేనే తల దించుకునే మనిషి, అచ్చులో చూస్తే ఏమైపోయేవారో.

మేముండే సిద్ధగోరాలో ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక్క గోడ. భార్య పోయాక ఒక్కరే ఉండేవారు. పొడవాటి మనిషి. గుమ్మం ఎంత ఎత్తుగా ఉన్నా కాస్త వంగే లోపలికి వచ్చేవారు. ఇస్త్రీ చేసిన పొట్టిచేతుల చొక్కా, జేబులో పెన్ను. ఉద్యోగం మానేసి చాలా ఏళ్ళయినా పెన్ను మాత్రం మానలేదు.

మా ఇంటికి రావాలంటే ముందు గేటు దగ్గర ఆగి గుమ్మం బయట చెప్పులు చూసేవారు. మా ఇద్దరివీ, మా అమ్మాయివీ కాక ఇంకో జత కనపడిందా, ఏదో మరిచిపోయినట్టు జేబులు తడుముకుంటూ వెనక్కి తిరిగేవారు. కిటికీలోంచి నేను చూస్తూనే ఉండేదాన్ని. కేకేసి పిలిస్తే, "అబ్బే, మళ్ళీ వత్తాను తల్లీ, పనేటీ లేదు" అనేవారు. ఒకసారి మా అమ్మాయి కొత్త చెప్పులు కొనుక్కుని పాతవి కూడా బయటే వదిలేసింది. అవి అక్కడున్నన్నాళ్ళూ ఆయన మా ఇంటికి రాలేదు.

వచ్చినా కుర్చీ అంచునే కూర్చునేవారు. వీపు ఆనించగా నేను చూడలేదు. ఏదైనా పెట్టబోతే "ఇప్పుడే తినీసొచ్చాను" అనేవారు. ఆయన వంటింటి కిటికీ మా పెరటివైపే ఉంది కాబట్టి ఏ పూట పొయ్యి వెలిగిందో, ఏ పూట వెలగలేదో నాకు తెలుసు. బలవంతాన ఒక గిన్నెలో కూర పోసి ఇస్తే తీసుకునేవారు. మర్నాటికి ఆ గిన్నె నిండా జామకాయలో, రూర్కెలాలో ఉన్న కూతురు పంపిన అరిసెలో వేసి గోడమీద పెట్టేవారు. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్నది మనందరికీ ఉన్న అలవాటే. ఆయన దగ్గర అది బాగా ముదిరిపోయింది. కాస్త పప్పు పోసి ఇస్తే గిన్నెడు బెల్లం వచ్చేది. పోనుపోను ఆయనకి పెట్టడమే తగ్గించేశాను. పెట్టినప్పుడల్లా ఆయన నెత్తిన ఏదో బరువు పెడుతున్నట్టు ఉండేది.

మాటకారే. కళింగపట్నం సముద్రం గురించి మొదలుపెడితే మా అమ్మాయి ఫోను పక్కన పడేసి వినేది. హిందీలో ఏదో అడిగేది, ఆయన తెలుగులో చెప్పేవారు, ఇద్దరికీ బాగానే అర్థమయ్యేది. మంచి రసపట్టులో, అందరం నవ్వుతుండగా, "ఇహ లేత్తానమ్మా" అని లేచేవారు. ఎదుటివాళ్ళకి విసుగు పుట్టాక ఎవరైనా లేస్తారు. విసుగు పుట్టకముందే లేచి వెళ్ళిపోవాలని ఆయన పట్టుదల. మా ఆయన దీనికి తెగ నవ్వేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. మొహమాటాన్ని మనవాళ్ళు ఒక సుగుణంగా చెప్పుకుంటారు. రోజూ పక్కనుంచి చూస్తే తెలుస్తుంది, అది ఎదుటివాళ్ళని ఎంత దూరాన నిలబెడుతుందో.

ఇలాంటి మనిషి ఒంటరిగా ఒక చిన్న పడవ వేసుకుని రోజుల తరబడి నీళ్ళమీద తిరుగుతారంటే కొత్తవాళ్ళు నమ్మేవారు కాదు. పడవ ఆయనే చేసుకున్నారు, మా గోడ పక్కనే, ప్లైవుడ్డుతో. రంపం చప్పుడు మాకు ఇబ్బందని నేను బడికీ మా ఆయన డ్యూటీకీ వెళ్ళాకే పని మొదలుపెట్టేవారు. సాయంత్రం నేను వచ్చేసరికి రంపప్పొట్టు కూడా ఊడ్చేసి ఉండేది. అందుకే దానికి అన్నాళ్ళు పట్టింది. పూర్తయ్యాక చూస్తే ఒక్క మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత ఉంది, అంతే. నీలం టార్పాలిన్‌తో తెరచాప, గాలి లేనప్పుడు వేసుకోడానికి రెండు తెడ్లు, ఎప్పుడు కావాలంటే అప్పుడు పడుకోబెట్టేసే తెరచాప కొయ్య. రెండో మనిషికి చోటు లేదేమిటి బాబాయిగారూ అని అడిగాను.

"రెండో మనిషుంటే ఆళ్ళకి బయవేత్తందేమో, ఆకలేత్తందేమో అని సూసుకోడంతోటే సరిపోద్దమ్మా," అన్నారు. "ఇంక మబ్బునెవరు సూత్తారు?"

ఆ పడవని టెంపోలో చాండిల్ డ్యాము దగ్గరికి చేర్చి, ఒడ్డున టీకొట్టు పక్కన గొలుసు వేసి ఉంచేవారు. మనసు పుట్టినప్పుడు పొద్దున్నే లోకల్ రైలెక్కి వెళ్ళిపోయేవారు. సువర్ణరేఖ అక్కడ నదిలా ఉండదు. కొండల మధ్య ఎటు చూసినా నీళ్ళే. కొండల వేళ్ళమధ్యకి నీళ్ళు దూరి బోలెడు వంకలు, సందులు. పగలంతా తిరిగి, ఏదో ఒక సందులో లంగరు వేసుకుని, టార్పాలిన్ కప్పుకుని పడుకుని, మర్నాడు ఇంకో వైపు. ఆయనకి దాని మీద అంత ఇష్టం ఎందుకో నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. అక్కడ ఎవరి గుమ్మం ముందూ ఆగక్కర్లేదు.

చైత్ర వైశాఖాల్లో ఇక్కడ మధ్యాహ్నాలు కాలబైశాఖి వస్తుంది. అంతవరకూ ఎండ మాడ్చేస్తుంటుంది, ఉన్నట్టుండి వాయవ్యం నుంచి గాలి, దుమ్ము, ఉరుములు, ఒక్కోసారి వడగళ్ళు. ఊళ్ళో ఉన్న మనకి ఆరేసిన బట్టలు తీసుకోడానికే టైము ఉండదు. నీళ్ళమీద చిన్న పడవలో ఉన్నవాడికి చాలా అపాయం. ఆయన దానికీ మా ఇంట్లో చేసినట్టే చేసేవారు. దక్షిణం గాలి ఆగి, చెమట ఆరకపోవడం మొదలైందంటే చాలు, ఆకాశం ఎంత నీలంగా ఉన్నా తెరచాప దించేసి, వాయవ్యం వైపు కొండ అడ్డుగా ఉన్న సందు చూసుకుని దూరిపోయేవారు. పిడుగు భయానికి కొయ్య పడుకోబెట్టి, లంగర్లు వేసి, కూర్చునేవారు. ఒడ్డున చేపలవాళ్ళు నవ్వేవారట. మా ఆయన కూడా ఏడిపించేవారు, మబ్బు లేకుండానే దాక్కుంటారట కదా బాబాయిగారూ అని.

"మబ్బొచ్చీసాక దాక్కునేదేటుంది బాబూ. అప్పుడింక పారిపోడవే," అనేవారాయన, ఏమీ నొచ్చుకోకుండా.

ఒక శీతాకాలం ఆదివారం మా ఆయన కారులో మేమూ బాబాయిగారితో వెళ్ళాం. టీకొట్టు బల్లమీద కూర్చున్నాం. మా ఆయన ఫొటోలు తీసుకోడానికి అటు వెళ్ళారు. బాబాయిగారు అక్కడ వేరే మనిషిలా ఉన్నారు. బల్లకి పూర్తిగా ఆనుకుని కూర్చున్నారు. చెయ్యి చాపి ఒక్కో వంకా చూపించారు. ఇది ఉత్తరం గాలికి పనికొస్తుంది, పడమటి గాలికి రాదు. అది బాగున్నట్టే ఉంటుంది, నీళ్ళ అడుగున మునిగిన చెట్ల మోళ్ళున్నాయి, పడవకి చిల్లు పెడతాయి. చివరికి అవతలి ఒడ్డున, రెండు కొండ వేళ్ళ మధ్య గిన్నెలా ఉన్న ఒక సందు చూపించి, "ఈ నీళ్ళన్నిటి మీదా అంత మంచి చాటు ఇంకోటి లేదమ్మా" అన్నారు.

అయితే మీరు వాన వచ్చినప్పుడల్లా అక్కడికే వెళ్తారా అన్నాను. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టారు. నీళ్ళవైపే చూస్తూ చెప్పారు.

అంతకు ముందు ఒక వేసవిలో ఆయన అక్కడే లంగరు వేశారు. వడగళ్ళు మొదలయ్యాయి. సందుకి పైన గట్టుమీద కొన్ని ఇళ్ళున్నాయి. మొదటి ఇంట్లోంచి ఒకావిడ, వయసులో పెద్దదే, తలమీద వెదురుబుట్ట బోర్లించుకుని నీళ్ళదాకా దిగి వచ్చి, పైకి రమ్మని పిలిచింది. ఈయన సంగతి తెలిసిందే కదా, పరవాలేదు, ఇక్కడ బాగానే ఉంది అన్నారు. ఆవిడ వెళ్ళలేదు. "తుమ్ నై జాయేగా తో హమ్ భీ నై జాయేగా" అని, నువ్వు రాకపోతే నేనూ కదలనని, ఆ రాళ్ళవానలో అలాగే నిలబడింది. వడగళ్ళు బుట్టమీద, ఆవిడ భుజాలమీద పడుతున్నాయి. ఈయన సిగ్గుతో చచ్చిపోయి పడవ దిగి వెనకాలే వెళ్ళారు.

ఆవిడ తన భర్త లుంగీ ఇచ్చింది. ఆయన చొక్కా పొయ్యి దగ్గర ఆరేసింది. గిన్నెలో మరమరాలు, ఉల్లిపాయ, ఆవనూనె కలిపి పెట్టింది. ఇప్పుడే తిన్నానని అక్కడ ఎలా అంటారు. వాన కాస్త వెలిసాక ఆవిడ గుమ్మంలోంచి చెయ్యి చాపి, మన ఇంటికి దారి చెప్పినంత మామూలుగా, నువ్వు ఇనుప కొక్కెం పడేశావే, అక్కడే మా వాకిలి అంది. ఇల్లు, పొలం, ఇప్పచెట్లు, అన్నీ దాని కిందే. డ్యాము వచ్చాక పైకి వచ్చేశాం అంది.

బాబాయిగారు ఉద్యోగకాలంలో డ్రాఫ్ట్స్‌మన్. ఆదిత్యపూర్‌లో ఎక్కడో పనిచేసేటప్పుడు నీళ్ళు ఆపే ఆ డ్యాము తలుపుల ప్లాన్లు గీసినవాళ్ళలో ఆయనొకరు. నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

"నోట్లో ముద్ద ఉంది తల్లీ," అన్నారు. "సెప్పాలనుకున్నాను. ఆ తలుపులు గీసిన సెయ్యి ఇదేనమ్మా అని. నోరు రాలేదు. తినీసాను. సెప్పకండా గిన్నెడూ తినీసాను."

నేను అందరూ చెప్పే మాటే చెప్పాను. మీరు కాకపోతే ఇంకొకరు గీసేవారు, మీరు ఉద్యోగం చేశారు, అంతే కదా అని. ఆయన తల ఊపి, "అవునమ్మా, అలగే అనుకోవాల" అన్నారు. మా ఆయన రావడం చూసి లేచి నిలబడి, పడవ గొలుసు సర్దుకోడానికి వెళ్ళిపోయారు. ఓదార్చాననే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట ఎంత చవకగా అనిపిస్తుందో చెప్పలేను. ఆయన ఎవరికీ చెప్పనిది నాకు చెప్పారు. నేను గబగబా ఒక మాట చెప్పి ఆ సంగతి ముగించేశాను.

ఆ వడగళ్ళ రోజు తర్వాత ఆయన ఆ సందులోకి వాన ఉన్నప్పుడు వెళ్ళలేదు. వెళ్ళారు ఒక్కసారి, ఎండలో. ఆ లుంగీ ఉతికి ఇస్త్రీ చేసి, దానిమీద ఒక కొత్త దుప్పటి, కొత్త టార్పాలిన్ పెట్టి, గట్టు కింద రాతిమీద ఉంచి, పైనుంచి ఎవరూ దిగి వచ్చేలోపే తెరచాప ఎత్తేశారు. వానలకి ఆయన ఎంచుకున్న చాటు ఆ సందుకి ఎదురుగా ఒక రాతి దిబ్బ. ఉత్తరం గాలిని ఆపుతుంది, పడమటి గాలిని ఆపదు. వేసవిలో ప్రతిసారీ తడిసి ముద్దయి వచ్చేవారు. దగ్గు పట్టుకునేది. ఆవిడ దగ్గరికే వెళ్ళండి, వెళ్ళి చెప్పేయండి, ఏమంటుంది మహా అయితే అని నేను కోప్పడేదాన్ని. ప్రాణం కంటే మొహమాటం ఎక్కువా అని మా ఆయన కూడా అనేవారు. ఆయన నవ్వి, చూద్దాంలే అనేవారు. వయసు పైబడుతోంది. ఏదో ఒక వేసవి ఆ దిబ్బ చాలదని మా ఇద్దరికీ తెలుసు, ఆయనకీ తెలుసు.

కిందటేడు వేసవిలో మా ఆడపడుచు కుటుంబంతో మా ఇంటికి వచ్చింది. ఇల్లంతా సందడి. మధ్యాహ్నం గాలివాన విరుచుకుపడింది. డాబామీద ఎండబెట్టిన వడియాలు అందరం కలిసి కిందికి మోసుకొచ్చాం, ఒకరిమీద ఒకరు పడుతూ నవ్వుకుంటూ. బాబాయిగారు నీళ్ళమీద ఉన్నారని గుర్తుంది నాకు. ఆయన ఎప్పుడో చాటుకి చేరిపోయి ఉంటారు, మనకంటే జాగ్రత్త మనిషి అనుకున్నాను. ఆ రోజు గాలి పడమటి నుంచి వచ్చిందని తర్వాత ఎవరో చెప్పేదాకా నాకు తెలియదు.

మర్నాడు ఆయన ఇంటికి వచ్చిన చప్పుడు విని గోడ దగ్గరికి వెళ్ళాను. చేతిలో గరిటె ఉంది, లోపల పూరీలు వేగుతున్నాయి. వచ్చేశారా, ఎలా ఉన్నారు అని అడిగాను. బాగున్నానమ్మా అన్నారు. గొంతు బొంగురుగా ఉంది. గోడ పట్టుకుని నిలబడ్డారు. ఎండలో నిలబడి కూడా వణుకుతున్నారు. తిన్నారా అన్నాను. తినీసాను అన్నారు. సరే అని లోపలికి వచ్చేశాను. ఆయన తినలేదని నాకు తెలుసు. బాగాలేరని కూడా తెలుసు. ఆయన అబద్ధం నాకు ఆ పూట వీలుగా ఉంది, అందుకని నమ్మాను.

చుట్టాలు వెళ్ళిపోయాక రూర్కెలా నుంచి కూతురు ఫోను చేసింది, నాన్న ఫోను ఎత్తడం లేదు ఆంటీ, ఒకసారి చూడండి అని. తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ లేదు. మంచంమీద మూసిన కన్ను తెరవకుండా ఉన్నారు. ఒళ్ళు కాలిపోతోంది. ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఊపిరితిత్తుల్లో నెమ్ము బాగా చేరిపోయిందన్నారు. కూతురు వచ్చింది. మధ్యలో ఒక పూట తెలివిగా ఉన్నారు. నేను పక్కన కూర్చుని, మమ్మల్ని ఎందుకు పిలవలేదు బాబాయిగారూ, గోడమీద తట్టినా వచ్చేవాళ్ళం కదా అన్నాను.

"వచ్చాను తల్లీ మీ గుమ్మందాకా," అన్నారు. "సెప్పులు సూసి ఎల్లిపోనాను. సుట్టాలున్నారు గదా."

ఇది ఆయన ఫిర్యాదుగా చెప్పలేదు. మా మంచి కోసం చేసిన పనిలా చెప్పారు. నేను ఏదో అనేలోపే, గాలివాన రోజు ఆ సందుకీ వెళ్ళలేకపోయానని, దగ్గరదాకా వెళ్ళి పడవ తిప్పేశానని చెప్పారు. రెండు గుమ్మాలదాకా వెళ్ళి రెండిటి దగ్గరా వెనక్కి తిరిగిన మనిషి, ఆస్పత్రి మంచం మీద కూడా నర్సు వస్తే కాళ్ళు ముడుచుకుని చోటిచ్చేవారు. అలాగే వెళ్ళిపోయారు.

కర్మలన్నీ అయ్యాక, పడవ ఆ గట్టుమీది వాళ్ళకి ఇచ్చేయండి అంది కూతురు. ఆయన చెప్పలేకపోయిన మాట కూడా నేనే చెప్పేస్తాను అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అలా చెబితే నా మనసులో బరువు కొంత దిగుతుందని ఆశ. ఒక ఆదివారం మా ఆయనా నేనూ అక్కడ అద్దె పడవ మాట్లాడుకుని, ఆయన పడవని తాడుతో వెనక కట్టించుకుని ఆ సందులోకి వెళ్ళాం. ఆవిడ మేము గట్టు ఎక్కేలోపే బయటికి వచ్చింది. వెనకాల ఉన్న నీలం తెరచాప చూసింది, మమ్మల్ని చూసింది. అడగలేదు. మేము చెప్పాక అరుగుమీద కూలబడింది.

మేమూ కూర్చున్నాం. ఆవిడ ఎదుటి దిబ్బ చూపించి, వాన వచ్చినప్పుడల్లా అక్కడ ఆ టార్పాలిన్ గాలికి కొట్టుకోవడం ఇక్కణ్ణుంచి కనపడేదని చెప్పింది. పళ్ళెం మీద కర్రతో కొట్టి పిలిచేదట. వినపడే దూరమే. ఆయన ఈ వైపు తల తిప్పేవారు కాదట.

"హమ్‌లోగ్ సోచా, హమ్‌లోగ్ కా ఘర్ మే ఖా లియా, ఇసీలియే శరమ్ లగ్తా హోగా," అంది.

మా ఇంట్లో తిన్నందుకు సిగ్గుపడుతున్నాడు అనుకున్నారు వాళ్ళు. మాలాంటి వాళ్ళ చేతి కూడు తినేశానే అని బాధపడుతున్నాడనుకున్నారు. దుప్పటీ, టార్పాలినూ ఆ తిండికి బదులు విసిరేసినట్టుగా తోచాయట. ఆ దుప్పటి ఎవరూ కప్పుకోలేదని చెప్పింది.

నేను తొందరపడి తలుపుల సంగతి చెప్పాను. ఆయన గీశారని, అది చెప్పకుండా మీ ఇంట్లో తిన్నందుకు సిగ్గుపడ్డారని, ఆ సిగ్గుతోనే మళ్ళీ మీకు మొహం చూపించలేకపోయారని. ఆవిడ మొదట సరిగా అర్థం చేసుకోలేదు, మా ఆయన మళ్ళీ చెప్పారు. అర్థమయ్యాక, ఆ డ్యాముకి తనూ తన భర్తా కూడా రాళ్ళు మోశామంది. పని ఉందంటే వెళ్ళాం, నీళ్ళు ఇంతదాకా వస్తాయని ఎవరికి తెలుసు అంది. కోపం లేదు గొంతులో. కానీ మొహం తేటపడలేదు. ఆవిడకి తలుపులతో పని లేదు. పిలిస్తే రాలేదన్నదే ఆవిడ బాధ.

నావైపు తిరిగి, మీ ఇల్లు ఆయన ఇంటికి ఎంత దూరం అని అడిగింది. మధ్యలో గోడే అన్నాను.

"తుమ్హారా ఘర్ తో ఆతా థా నా?" అంది. మీ ఇంటికైతే వచ్చేవాడు కదా.

"ఆతే థే," అన్నాను. వచ్చేవారు అని.

ఎంత సులువుగా వచ్చేసిందో ఆ మాట. ఆవిడ మెల్లగా తల ఊపింది. మీ ఇంటికి వచ్చేవాడు, మా ఇంటికి రాలేదు అన్నది ఆవిడ కళ్ళలో స్పష్టంగా కనపడింది. ఆయన తరఫున మాట్లాడదామని అంత దూరం వెళ్ళినదాన్ని, మా ఇంటి పరువు కాపాడుకోడానికి ఆవిడ అనుమానాన్ని ఇంకా గట్టిచేశాను.

మా ఆయన నా మాటకి నలుగురిలో ఎప్పుడూ అడ్డు చెప్పరు. ఆ రోజు చెప్పారు.

"నహీఁ మా," అన్నారు. "హమారే ఘర్ భీ నహీఁ ఆయే. బుఖార్ మే థే, దర్వాజే సే లౌట్ గయే."

మా ఇంటికీ రాలేదు, జ్వరంతో గుమ్మందాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయారు. నేను తల ఎత్తలేకపోయాను. ఆవిడ లేవడం, నా దగ్గరికి రావడం వినపడింది. అబద్ధం ఎందుకు చెప్పావని అడుగుతుందనుకున్నాను. ఆవిడ నా పక్కన కూర్చుంది. ఆవిడకి వేరేలా అర్థమైంది. నాకూ తనలాగే మనసు గాయపడిందని, పిలిచినా రాలేదన్న బాధ దాచుకోడానికే నేను అలా చెప్పానని అనుకుంది. నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"బురా మత్ మానో," అంది, నొచ్చుకోకు అని.

కొందరు అంతే, ఎంత పిలిచినా రారు, దానికి నువ్వేం చేస్తావు, నువ్వు పిలిచే ఉంటావు కదా అని చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. చెబుతుంటే ఆవిడ మొహం తేలికపడింది. ఇన్నేళ్ళ అవమానం తన ఒక్కదానిదే కాదని తెలిసింది కాబోలు. నేను పిలవలేదని, వణుకుతున్న మనిషిని గోడ మీంచి చూసి లోపలికి వెళ్ళిపోయానని చెబితే ఆ తేలిక పోదు. పోయేది నా పరువే. అయినా చెప్పలేదు. ఆవిడ అరచేతులు గరుకుగా, వెచ్చగా ఉన్నాయి. తనంతట తాను వదిలేదాకా నా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.